అరటిపండు–ఓట్స్ బార్లు: మధ్యలో ముద్ద, అంచుల్లో మాడు. కొలత ఎక్కడ తప్పుతోంది?

గోదారిగట్టు (ప్రశ్న):

స్కూలు డబ్బాలోకి మైదా, గుడ్డు లేకుండా అరటిపండు–ఓట్స్ బార్లు చేస్తున్నాను. వాడే లెక్క ఇది: బాగా పండిన అరటిపళ్లు 3, రోల్డ్ ఓట్స్ 2 కప్పులు, బెల్లం పొడి 3 చెంచాలు, నెయ్యి 2 చెంచాలు, చిటికెడు ఉప్పు, కాస్త యాలకుల పొడి. 19 లీటర్ల ఓటీజీ, 8 అంగుళాల చదరపు టిన్ను, 180 డిగ్రీల్లో 25 నిమిషాలు.

అంచులు ఎర్రగా వేగిపోతున్నాయి, మధ్యలో మాత్రం జావ గడ్డకట్టినట్టు ఉంటోంది. కోస్తే కత్తికి అంటుకుంటోంది. మర్నాటికి డబ్బా మూతకి చెమట పట్టి ముక్కలన్నీ మెత్తబడుతున్నాయి. ఇంకోసారి అదే లెక్కతో చేస్తే పొడిపొడిగా రాలిపోతున్నాయి. ఒకే కొలతకి రెండు రకాలుగా ఎందుకు వస్తున్నాయి? బేకింగ్ సోడా వేస్తే ఏమైనా లాభమా? మా అక్కకి ఓవెన్ లేదు, కుక్కర్లో చేయాలంటే ఏం మార్చాలో కూడా చెప్పండి.

తూకంరాయి:

మీ ఓవెన్ సంగతి తర్వాత. ముందు "అరటిపళ్లు 3" అన్న కొలతని పక్కన పెట్టండి, గొడవంతా అక్కడే ఉంది. చిన్న కర్పూరం పండు తొక్క తీస్తే 60–70 గ్రాములు ఉంటుంది. ఇప్పుడు ఊరూరా బండ్ల మీద కనిపించే పెద్ద గ్రాండ్ నైన్ పండు, జీ–9 అంటారే, అది తొక్క తీశాక 120 దాకా తూగుతుంది. అంటే మూడు కర్పూరాలు 200 గ్రాములు, మూడు జీ–9లు 360. ఓట్స్ మాత్రం రెండుసార్లూ అదే రెండు కప్పులు, సుమారు 180 గ్రాములు. అరటి గుజ్జులో ముప్పాతిక వంతు నీళ్లే కాబట్టి ఒకసారి పిండిలోకి 150 మి.లీ. నీళ్లు వెళ్తున్నాయి, ఇంకోసారి 270. మొదటిది రాలిపోతుంది, రెండోది ముద్దగా ఉండిపోతుంది. మీకు రెండూ జరుగుతున్నాయి.

గుర్తుపెట్టుకోవాల్సింది ఒక్కటే: తొక్క తీసిన పండు బరువు, ఓట్స్ బరువుకి ఒకటిన్నర రెట్లు. కప్పులు వదిలేసి వంటింటి తూకం వాడండి. మీ 8 అంగుళాల టిన్నుకి సరిపోయే లెక్క:

అరటి గుజ్జు 300 గ్రాములు
రోల్డ్ ఓట్స్ 200 గ్రాములు
వేయించి పొట్టు తీసి కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు 50 గ్రాములు
వేయించిన నువ్వులు 20 గ్రాములు
బెల్లం పొడి 40 గ్రాములు
కరిగించిన నెయ్యి 25 గ్రాములు
అవిసె గింజల పొడి 1 పెద్ద చెంచా
ఉప్పు పావు చెంచా, యాలకుల పొడి అర చెంచా

ఓట్స్‌ని మందపాటి మూకుడులో సన్నసెగ మీద 6–7 నిమిషాలు వేయించండి. రంగు మారనక్కర్లేదు, కమ్మని వాసన వస్తే చాలు. సముద్రం పక్క ఊళ్లలో పొట్లం విప్పిన వారానికే ఓట్స్ తేమ పట్టేస్తాయి, అక్కడ ఈ పని అస్సలు మానకండి. చల్లారాక అందులో మూడో వంతు మిక్సీలో రవ్వలా తిప్పండి. ఈ రవ్వే పట్టు. మొత్తం రేకులుగానే వేస్తే ముక్క కోసేటప్పుడు విరుగుతుంది, మొత్తం పిండి చేస్తే రొట్టెలా బిగుసుకుంటుంది.

పండుని ఫోర్కుతో మెదపండి. మిక్సీలో వేయొద్దు, గాలి చేరి జారుగా అయిపోతుంది. బెల్లం, నెయ్యి, ఉప్పు గుజ్జులోనే కలిపేసి, తర్వాత పొడివన్నీ వేసి కలిపి 15 నిమిషాలు వదిలేయండి. ఓట్స్ ఆ తడిని లోపలికి లాక్కోవాలి. ఈ 15 నిమిషాలూ ఇవ్వకపోతే రేకుల చుట్టూ తడి అలాగే నిలిచి, మధ్యలో మీరన్న జావ తయారవుతుంది. నానాక గరిటెతో ఎత్తితే ముద్ద నిలబడి మెల్లగా జారాలి. వెంటనే జారిపోతే ఇంకో 15–20 గ్రాముల ఓట్స్ రవ్వ కలపండి.

టిన్నులో పరిచాక, అడుగు తడిచేసిన స్టీలు గిన్నెతో గట్టిగా అదమండి. మందం ఒకటిన్నర సెంటీమీటర్లకు మించకూడదు.

సోడా అక్కర్లేదు. అది లోపల గాలి బుడగలు పుట్టించి కేకులా ఉబ్బిస్తుంది, బార్‌కి కావలసింది బిగువు. ఎక్కువైతే సబ్బు రుచి కూడా వస్తుంది.

పెనంమీద:

తూకంరాయి గారి లెక్క నూటికి నూరు పాళ్లు సరైనది. దానికి పండు సంగతి కొంచెం కలపాలి.

తొక్క పసుపుగా ఉంటే పండినట్టు కాదు. గ్యాస్ గదుల్లో మగ్గబెట్టిన కాయకి రంగు ముందు వచ్చేస్తుంది, లోపల పిండిపదార్థం ఇంకా చక్కెరగా మారి ఉండదు. అలాంటి పండు మెదిపితే ఉండలు కడుతుంది, బార్ చప్పగా, కాస్త వగరుగా వస్తుంది. జీ–9 అయితే తొక్క మీద గోధుమరంగు చుక్కలు సగానికి పైగా కమ్మేదాకా ఆగండి. తొడిమ దగ్గర పచ్చగా ఉన్నంతసేపూ దాన్ని ముట్టుకోవద్దు. అలాగని తొక్క పగిలి నీరు కారుతూ పులిసిన వాసన వస్తుంటే పారేయడమే. బెల్లం వేసి కప్పిపుచ్చినా ఆ వాసన బేకింగ్‌లో పోదు.

తొందరగా కావాలని పచ్చి పండుని ఓవెన్లో పెట్టి నల్లబరిచే చిట్కా ఒకటి తిరుగుతోంది. మెత్తబడుతుంది, అంతే. మగ్గిన పండు తీపి, వాసన దానికి రావు. కాగితం సంచిలో ఒక ఆపిల్‌తో కలిపి మూసి పెడితే రెండు రోజుల్లో నిజంగానే పండుతుంది.

రకాల్లో నా ఓటు కర్పూరానికే. గుజ్జు చిక్కగా ఉంటుంది, చిన్న పులుపు ఉండటంతో బెల్లం తీపి మొహం మొత్తదు. అమృతపాణి వాసన అద్భుతం, కానీ ఖరీదు పెట్టి కొన్న అమృతపాణిని ఓవెన్లో పెట్టడం నాకు నచ్చదు, అది ఊరికే తినాల్సిన పండు. చక్కెరకేళి బాగా తీపి, అది వాడితే బెల్లం 20 గ్రాములకి తగ్గించండి. బొంత అరటి దీనికి పనికిరాదు.

మిగలపండిన పళ్లు ఫ్రీజర్లో దాచుకుంటే కరిగాక చాలా నీరు వదులుతాయి. ఆ నీళ్లు పారబోయకండి, తీపంతా అందులోనే ఉంటుంది. చిన్న గిన్నెలో సగానికి మరిగించి గుజ్జులో కలిపి, అప్పుడు తూచండి.

ఓట్స్ విషయం: పొట్లం మీద "ఇన్‌స్టంట్" లేక "క్విక్" అని ఉంటే అవి సన్నగా తరిగి ఒత్తినవి. నీళ్లు తగలగానే కరిగినట్టయిపోతాయి, బార్‌లో రేకు పంటికి తగలదు. అవే ఉంటే రవ్వ చేయకుండా అన్నీ నేరుగా వాడండి, నానబెట్టడం 5 నిమిషాలు చాలు. స్టీల్ కట్ ఓట్స్ వద్దు, అరగంటలో ఉడకవు, పళ్ల కింద రాళ్లలా తగులుతాయి. ఓట్స్ తక్కువపడితే 50 గ్రాముల వరకు జొన్న అటుకులు కలపొచ్చు. బియ్యం అటుకులు మాత్రం బేక్ అయి చల్లారాక తోలులా సాగుతాయి.

నిప్పుసెగ:

ఇక సెగ గురించి. చిన్న ఓటీజీల్లో రాడ్లు టిన్నుకి బాగా దగ్గరగా ఉంటాయి, పైగా బిళ్ల మీద 180 అని తిప్పితే లోపల 160 ఉండొచ్చు, 200 ఉండొచ్చు. లోపల పెట్టే ఓవెన్ థర్మామీటరు ఒకటి కొనుక్కోండి, ఓటీజీ ఉన్నవాళ్లకి అంతకంటే పనికొచ్చే వస్తువు లేదు. 8 అంగుళాల టిన్ను 19 లీటర్ల దాంట్లో పడుతుంది గానీ గోడలకి ఆనకుండా చూసుకోండి. నాలుగు వైపులా గాలి తిరగకపోతే మీరు చెప్పినట్టే అంచు మాడి మధ్య పచ్చిగా ఉంటుంది.

రెండు రాడ్లూ వెలిగించి 15 నిమిషాలు ముందుగా వేడి చేయండి. మధ్య అర మీద, 170–175 దగ్గర 28–32 నిమిషాలు. ఫ్యాన్ ఉంటే 160 చాలు. సగం సమయం అయ్యాక టిన్నుని ముందు వెనకలుగా తిప్పండి. 20 నిమిషాలకే పైన ఎర్రబడితే మీద వదులుగా ఒక ఫాయిల్ ముక్క కప్పండి. నల్ల టిన్ను అంచులని త్వరగా మాడుస్తుంది, తెల్ల అల్యూమినియంది నిదానం. గాజు పాత్ర అయితే 10 డిగ్రీలు తగ్గించి 5–8 నిమిషాలు పెంచాలి.

పుల్ల గుచ్చి చూసే పద్ధతి ఇక్కడ మోసం చేస్తుంది. అరటి జిగురు వల్ల బాగా వేగిన బార్‌లో కూడా పుల్లకి తడి అంటుతుంది. దానికి బదులు తూకం చూడండి. ఖాళీ టిన్ను బరువు రాసిపెట్టుకుని, పిండి పరిచాక ఒకసారి, బయటికి తీశాక ఒకసారి తూచండి. పై లెక్కలో పిండి సుమారు 650 గ్రాములు అవుతుంది. అది 560 దగ్గరికి వస్తే తీసేయొచ్చు. 600 ఉంటే ఇంకో 6–8 నిమిషాలు పెట్టండి. 530 కంటే దిగితే ఎండిపోయి రాలుతుంది.

కాగితం గురించి కూడా చెప్పాలి. కిరాణా కొట్టులో బటర్ పేపర్ పేరుతో అమ్మే పల్చటి చుట్టుడు కాగితం అడుగున అతుక్కుపోయి ఊడి రాదు. బేకింగ్ పేపర్ లేక పార్చ్‌మెంట్ అని రాసున్నదే కొనండి. రెండు పక్కలా బయటికి వేలాడేలా వేస్తే మొత్తం పలకని ఒకేసారి ఎత్తొచ్చు.

దింపాక 15 నిమిషాలు టిన్నులోనే ఉంచి, తర్వాత కాగితంతో సహా ఎత్తి జాలీ మీద పెట్టండి. గంటన్నర దాకా కత్తి పెట్టొద్దు. వేడి మీద ఓట్స్ జిగురు ఇంకా వదులుగా ఉంటుంది, చల్లారేకొద్దీ బిగుస్తుంది. కత్తికి అంటుకోవడం, ముక్క విరగడం చాలా ఇళ్లలో ఈ తొందర వల్లే. రంపపు పళ్ల కత్తి కాకుండా పెద్ద నున్నటి కత్తితో పైనుంచి నేరుగా ఒత్తి కోయండి.

పల్లీపట్టి:

కుక్కర్ ప్రశ్నకి ఎవరూ జవాబు ఇవ్వలేదు, నేను చెప్తాను. అడుగు మందంగా ఉన్న పాత కుక్కర్ అయినా, లోతైన ఇనప మూకుడైనా సరే, నాన్‌స్టిక్ మాత్రం వద్దు. నీళ్లు లేకుండా అంతసేపు వేడెక్కితే ఆ పూత పాడవుతుంది. కుక్కరైతే మూత లోపలి రబ్బరు, వెయిటు రెండూ తీసేయాలి. ఇది తప్పనిసరి. అడుగున ఒక సెంటీమీటరు మందాన ఉప్పు పోసి, దాని మీద స్టాండు పెట్టి, మూతేసి మధ్యస్థ మంట మీద 10 నిమిషాలు వేడిచేయండి.

6 అంగుళాల గుండ్రటి టిన్నుకి పై కొలతలన్నీ సరిగ్గా సగం. టిన్ను పెట్టాక మంట బాగా తగ్గించి 35–40 నిమిషాలు. ఇందులో పై నుంచి సెగ ఉండదు, ఆవిరి మూతకి తగిలి మళ్లీ బార్ల మీదే చుక్కలుగా పడుతుంది. అందుకని 15వ నిమిషంలో ఒకసారి, 25వ నిమిషంలో ఒకసారి మూత తీసి లోపలివైపు పొడిగుడ్డతో తుడవండి. అంతా అయ్యాక కూడా పైభాగం తెల్లగా, తడిగా ఉంటుంది. పూర్తిగా చల్లార్చి ముక్కలు కోసి, దోసె పెనం మీద సన్నసెగన తిరగేసి 3–4 నిమిషాలు కాలిస్తే ఓవెన్‌లో చేసినట్టే రంగొస్తుంది. మామూలు మైక్రోవేవ్‌లో ప్రయత్నించొద్దు, రబ్బరులా వస్తాయి. కన్వెక్షన్ ఉంటే అది ఓటీజీ లాగే.

గోదారిగట్టు:

చాలా స్పష్టంగా చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. రెండు సందేహాలు. మా పాప స్కూల్లో పల్లీలు తేవద్దంటున్నారు, బదులేం వేయాలి? ఇంట్లో మధుమేహం ఉన్న పెద్దవాళ్లకి బెల్లం తీసేసి ఇవ్వొచ్చా? ఎన్నాళ్లు నిల్వ ఉంటాయో కూడా.

తూకంరాయి:

పల్లీల బదులు గుమ్మడి గింజలు, పొద్దుతిరుగుడు గింజలు వేయించి అదే 50 గ్రాములు వేయండి. నువ్వులు కూడా కొందరికి పడవు, ఒకసారి స్కూలువాళ్లని అడగండి. అయిదేళ్ల లోపు పిల్లలకైతే ఏ గింజనైనా దంచే వేయండి, గుండుగా ఉంటే గొంతుకి అడ్డం పడుతుంది.

బెల్లం తీసేయొచ్చు, బిగువేమీ తగ్గదు, అంచులు మాడటం కూడా తగ్గుతుంది. కానీ దాన్ని "చక్కెర లేని బార్" అనుకోకండి. పండిన అరటి 100 గ్రాముల్లో చక్కెరలే సుమారు 12 గ్రాములు, 300కి 36. పన్నెండు ముక్కలు చేస్తే బెల్లం లేకుండానే ముక్కకి 3 గ్రాములు, బెల్లంతో అయితే 6 దాకా. ఓట్స్‌లో పిండిపదార్థం దీనికి అదనం. బెల్లం బదులు ఖర్జూరం, ఎండుద్రాక్ష వేస్తే లెక్క తగ్గదు, ఎండుద్రాక్షలో సగానికి పైగా చక్కెరే. పెద్దవాళ్లకి రోజులో ఎంత పట్టొచ్చో వాళ్ల డాక్టర్ని అడిగి, ఆ మేరకు ముక్క చిన్నది చేయండి.

నిప్పుసెగ:

నిల్వకి: కొనే బార్లతో పోల్చొద్దు. వాటిలో పాకం ఎక్కువ, తడి చాలా తక్కువ, అందుకే నెలల తరబడి ఆగుతాయి. వీటిలో పండు తడి మిగిలే ఉంటుంది. మన ఎండల్లో బయట ఒక్క రోజు, ఫ్రిజ్‌లో 4–5 రోజులు, ఫ్రీజర్‌లో రెండు నెలలు. బూజు చుక్క ఒక్కటి కనిపించినా ఆ ముక్క వరకే కాదు, డబ్బా మొత్తం తీసేయండి.

మూతకి చెమట పట్టడం అంటే గోరువెచ్చగా ఉండగానే డబ్బాలో పెట్టారని. ఉదయం పెట్టింది మధ్యాహ్నం దాకా గట్టిగా ఉండాలంటే ముక్కలు కోశాక వేలెడు ఎడంతో ట్రేలో పేర్చి 150 డిగ్రీల్లో 12–15 నిమిషాలు రెండోసారి వేయించండి. కోసిన పక్కలు కూడా ఆరతాయి, అంటుకోవు. ఫ్రీజర్లో పెట్టేవాటి మధ్య కాగితం ముక్క వేయండి. పొద్దున్నే తీసి నేరుగా డబ్బాలో పెడితే ఇంటర్వెల్ టైముకి కరిగి సరిగ్గా ఉంటాయి.

అమెరికాలో ఉండి చదివేవాళ్లకి: 350 ఫారన్‌హీట్ పెట్టండి, ఓల్డ్ ఫ్యాషన్డ్ అని రాసున్న ఓట్స్ తీసుకోండి. అక్కడి అరటిపళ్లు దాదాపు అన్నీ జీ–9 జాతివే కాబట్టి పెద్దవైతే రెండున్నర పళ్లకే 300 గ్రాములు వచ్చేస్తాయి, తూచకుండా మూడోది పూర్తిగా మెదిపేయకండి.