‘ఉదార కళలు’ కాకపోతే మరేమనాలి?

తిరుపతి దగ్గర కొత్తగా కడుతున్న ఒక విశ్వవిద్యాలయ ప్రాంగణంలో లిబరల్ ఆర్ట్స్ డిగ్రీ మొదలుపెడుతున్నారు. చరిత్ర, గణితం, సంగీతం, జీవశాస్త్రం ఒకే విద్యార్థి కలిపి చదవవచ్చు. తల్లిదండ్రులకు పంచే కరపత్రాన్ని తెలుగులో రాసే పని నాకు అప్పగించారు. మాటకు మాట పెట్టి ‘ఉదార కళలు’ అన్నాను. అది చదివి మా వదిన, ‘ఫీజు ఉదారంగా తగ్గిస్తారా?’ అని అడిగింది. మంచి మాట ఉంటే చెప్పండి.

జవాబు: మీ వదినగారిదే సరైన విమర్శ. లాటిన్‌లో ‘లిబర్’ అంటే స్వతంత్రుడు. బానిస కానివాడు నేర్వదగిన విద్యలు కనుక ఆ పేరు. మధ్యయుగాల ఐరోపాలో ఇవి ఏడు: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, అంకగణితం, జ్యామితి, సంగీతం, ఖగోళం. బొమ్మలు గీయడం ఇందులో లేదు, చేతిపనులకైతే చోటే లేదు. మన వాత్స్యాయనుడి 64 కళల్లో మాత్రం పాట, పొడుపుకథ, వడ్రంగం, వాస్తువిద్య ఒకే పంక్తిలో కూర్చున్నాయి. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఆ 64నే తలచుకుంది. అయినా ‘చతుష్షష్టి కళలు’ అని వేస్తే హరికథ నేర్పుతారనుకుంటారు. ‘బహుశాస్త్ర విద్య’ అనండి.

మరొకరు: ‘కళ’ను అంత తొందరగా వదలకండి. వైద్య కళాశాల, ఇంజనీరింగ్ కళాశాల అని రోజూ అంటూనే ఉన్నాం. శవపరీక్ష నేర్పే చోటునూ కళాశాల అన్న భాష మనది! చిక్కల్లా ‘ఆర్ట్స్ కళాశాల’ దగ్గరే వస్తుంది. అక్కడ ఆర్ట్స్‌ను తెలుగు చేస్తే ‘కళల కళాశాల’ అవుతుంది. అందుకే తిరుపతిలోనూ ఆ మాట ఇంగ్లీషులోనే నిలిచిపోయింది. ఇక ‘బహుశాస్త్ర’ అంటే నాకు పుస్తకాల దొంతర కనిపిస్తుంది తప్ప వాటి కలయిక కనిపించదు.

ఇంకొకరు: మాది వెంకటగిరి, నేతవారి ఇల్లు. మా దగ్గర ‘కలనేత’ అనే మాట ఉంది. పడుగు ఒక రంగు, పేక మరో రంగు. బట్టను వెలుతురులో తిప్పితే రెండూ కలిసి మూడో రంగు మెరుస్తుంది. పోగులు మాత్రం దేని రంగు దానిదే. మీరు చెప్పే చదువు ఇదే కదా? శ్రీసిటీలోని క్రియా విశ్వవిద్యాలయం కూడా తన విభాగం పేరులో ‘ఇంటర్‌వోవెన్’ (కలిపి నేసిన) అనే పెట్టుకుంది. ‘కలనేత చదువు’ అనండి.

మొదట అడిగినవారు: కలనేత నాకు తెగ నచ్చింది. ఒక్కటే భయం. అచ్చులో ‘ల’ కాస్తా ‘ళ’ అయితే ‘కళనేత’ అవుతుంది, మళ్లీ కళల దగ్గరికే వచ్చిపడతాం. ప్రూఫు నేనే దిద్దుతాను. శీర్షికలో మాత్రం ‘లిబరల్ ఆర్ట్స్’ అని తెలుగు లిపిలో ఉంచి, కింది వరుసలో ‘కలనేత చదువు’ అని వేస్తున్నాను. మా వదినకు చూపించాను. ఈసారి ఫీజు సంగతి అడగలేదు, ‘ఉద్యోగం వస్తుందా?’ అంది.