మనం లేనప్పుడు మన పాత్రను ఇంకొకరు నడిపించవచ్చా?

దేవరకొండ అక్క:
మా టెలిగ్రామ్ గ్రూపులో ఎనిమిది మందిమి కలిసి రాచకొండ కోట కథ ఆడుతున్నాం. పద్మనాయకుల కాలం. కొండ కింద బహమనీ సైన్యం గుడారాలు వేసుకుని కూర్చుంది. ఎవరి పాత్ర మాటలూ చేతలూ వాళ్లే రాయాలి. నాది కోట వాకిలి కావలి మల్లక్క. ఐదు నెలలుగా రాస్తున్నాను. ఆమె తమ్ముడు ఆ వాకిలి దగ్గరే చనిపోయాడు. అందుకే తాళంచెవి కొంగుకు ముడేసుకునే పడుకుంటుంది.

పోయిన వారం మా అత్తమ్మను నల్లగొండలో ఆసుపత్రిలో చేర్చాం. నాలుగు రోజులు గ్రూపు తెరవలేదు. వచ్చి చూస్తే సేనాపతి పాత్ర రాసే తమ్ముడు ఇలా రాసి ఉన్నాడు: "మల్లక్క చేతులు వణికాయి. తాళం తీసింది. శత్రువులు లోపలికి వచ్చేశారు." మల్లక్క ద్రోహి అయిపోయింది! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ భాగం తీసేయమని అడుగుతున్నాను. తప్పా?

పాలమూరు కలం:
అత్తమ్మ ఇప్పుడు ఎట్లున్నారు అక్కా? మీ బాధ అర్థమైంది, కానీ ఆగిపోయినవాళ్ల బాధ కూడా చెప్తాను. కోయిల్‌సాగర్ దగ్గర జరిగినట్టు మేమొక కథ మొదలుపెట్టాం. ఒకాయన చెప్పకుండా మాయమయ్యాడు. ఆయన వంతు కోసం మూడు వారాలు చూశాం, కథ అక్కడే చచ్చిపోయింది. నేను నైట్ షిఫ్ట్ దిగి, నిద్ర ఆపుకుని రాసేవాణ్ణి. ఆసుపత్రిలో మెసేజ్ పెట్టడం కుదరదు, నిజమే. అందుకే ముందే ఒక రూల్ పెట్టుకోవాలి: 48 గంటలు దాటితే మిగతావాళ్లు కథ నడపవచ్చు.

పానగల్లు చెరువుకట్ట:
కథ నడపడం వేరు, ఒకరి మనిషి ఏం చేసిందో తేల్చేయడం వేరు. అష్టాచెమ్మ ఆడుతుంటే ఒకామె పొయ్యి మీద పాలు పొంగుతున్నాయని లేచి పోతుంది. ఆమె గవ్వలు మనం వేస్తామా? ఆమె కాయను తీసుకుపోయి మన కాయ ముందు పెట్టి చంపుతామా? ఆమె వచ్చేదాకా ఆగుతాం, లేదంటే ఆమె వంతు దాటేస్తాం.

1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టి, రిచర్డ్ బార్టిల్ పెంచిన మడ్ కూడా అక్షరాలతో ఆడే ఆటే. అందులో దెబ్బ తగిలిందో లేదో కంప్యూటర్ తేల్చేది. మన గ్రూపులో కంప్యూటర్ లేదు, పాచికలు లేవు. ఉన్నదల్లా ఎదుటివాళ్ల మాట. అందుకే "కత్తి దూశాడు" వరకే మనం రాయాలి. తగిలిందా, తప్పించుకున్నాడా అన్నది అవతలివాళ్లు రాయాలి. అది కూడా మనమే రాసేస్తే దాన్నే గాడ్‌మోడింగ్ అంటారు. మల్లక్కకు జ్వరమొచ్చిందని పడుకోబెట్టినా, ఉత్తరమిచ్చి పానగల్లుకు పంపినా కథ ఆగేది కాదు, మనిషీ చెడేది కాదు.

సేనాపతి:
ఆ మూడు వాక్యాలు రాసింది నేనే. తప్పు నాదే అక్కా, ముందు అది ఒప్పుకుంటున్నా. కోపంలో రాశాను. ఆ కోపానికి కారణం కూడా చెప్పాలి. కోటకు ఉత్తరం వైపున్న దిడ్డి వాకిలి గుండా రాత్రి బయటపడాలని నా సేనాపతి ఆలోచన. ఆ సంగతి కథలో ఎక్కడా రాయలేదు. మన ముచ్చట్ల గ్రూపులో మాత్రం అన్నాను. మరునాడే మల్లక్క ఆ దిడ్డి దగ్గర నలుగురిని కాపలా పెట్టింది. మల్లక్కకు ఎవరు చెప్పారు? మీరు చదివింది ఆమెకు ఎట్లా తెలుస్తుంది?

దేవరకొండ అక్క:
అవును తమ్ముడూ, ముచ్చట్లలో చదివే పెట్టాను. కాపలా మనిషికి అనుమానం రావడం సహజమే కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నాకు తెలిసింది పాత్రకు తెలిసినట్టు రాశాను, అది మెటాగేమింగే. ఆ రోజు నువ్వు అడిగి ఉంటే తీసేసేదాన్ని.

పాలమూరు కలం:
ఇద్దరూ ఒప్పుకున్నారు, సంతోషం. మరి ఆ మూడు వాక్యాల తర్వాత మిగతా ఆరుగురూ రాసింది ఏం చేస్తారు? అంతా చెరిపేస్తే వాళ్ల కష్టం కూడా పోతుంది. నా 48 గంటల రూల్ మాత్రం నేను వదలను.

సేనాపతి:
నాకు ఒకటి తోచింది. తాళం తీసింది మల్లక్క కాదు, ఆమె చీర కట్టుకుని చీకట్లో వచ్చిన బహమనీ వేగు. తర్వాత అందరూ రాసింది అలాగే ఉంటుంది. మీరు సరే అంటేనే రాస్తాను.

దేవరకొండ అక్క:
సరే. కానీ తాళంచెవి మల్లక్క కొంగుకే ఉంది కదా, వేగు చేతికి ఎట్లా వచ్చిందో నేను రాస్తాను. ఆ ఒక్కటి నాకు వదిలెయ్. దిడ్డి దగ్గర కాపలా కూడా ఈ రాత్రి నేనే తీసేస్తాను. పిల్లలు పడుకున్నాక, పదింటికి.