అప్‌డేట్: చెల్లి మోడర్న్ కంట్రోల్స్ మార్చాలా అని అడిగాను కదా

గుర్తులేనివాళ్ల కోసం: మా చెల్లి స్ట్రీట్ ఫైటర్ 6 అనే ఫైటింగ్ వీడియో గేమ్ కొత్తగా మొదలుపెట్టి మోడర్న్ కంట్రోల్స్‌తో (ఒక్క బటన్‌తో స్పెషల్ దెబ్బలు వేసే సులువు పద్ధతి) ఆడుతోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో మేం వెళ్లే గేమింగ్ సెంటర్‌లో కుర్రాళ్లు "ఒక్క బటన్‌తో షోర్యూకెన్ వేస్తే అదేం ఆట?" అని ఏడిపిస్తున్నారు (షోర్యూకెన్ అంటే పైకి లేస్తూ కొట్టే స్పెషల్ పంచ్). స్టిక్ తిప్పి స్పెషల్స్ వేసే క్లాసిక్ కంట్రోల్స్‌కి మారమనాలా అని అడిగాను.

మార్చలేదు. మీలో కొందరు చెప్పినట్టు, ఆ సుఖం ఊరికే రాలేదు. షార్ట్‌కట్‌తో స్పెషల్ వేస్తే డ్యామేజ్ 20 శాతం తగ్గుతుంది, కొన్ని మామూలు దెబ్బలు అసలు ఉండవు. అయినా గాల్లోకి ఎగిరి వచ్చేవాణ్ని ఠక్కున కొట్టేయడం మాత్రం నిజంగానే లాభం. ఆ కుర్రాళ్ల మంటంతా అక్కడే, ఎందుకంటే వాళ్లు కప్పల్లా ఎగరడం తప్ప ఇంకేం చేయరు.

చెల్లి ఓడిపోయేది వేరేచోట. డ్రైవ్ గేజ్ (కొన్ని ఎత్తులకు ఖర్చయ్యే మీటర్) మొదట్లోనే ఖర్చు చేసేసి బర్నౌట్‌లో, అంటే ఆ మీటర్ ఖాళీ అయిన స్థితిలో, పడేది. అప్పుడు స్పెషల్స్ బ్లాక్ చేసినా ప్రాణం కొంచెం పోతుంది. గోడ దగ్గర ఇరుక్కుని డ్రైవ్ ఇంపాక్ట్ అనే బలమైన దెబ్బని బ్లాక్ చేస్తే స్టన్ కూడా అవుతుంది, అంటే కాసేపు కదల్లేదు. దీన్నుంచి ఏ బటనూ కాపాడదు. ఎప్పుడు దూరం జరగాలి, ఎప్పుడు గేజ్ దాచుకోవాలి అన్నది తనే నేర్చుకోవాలి, నేర్చుకుంటోంది కూడా.

ఇప్పుడు మోడర్న్‌లోనే ఉంటూ, కాంబోల్లో (వరసగా కలిపి కొట్టే దెబ్బల్లో) స్టిక్ తిప్పి స్పెషల్స్ వేస్తోంది. అలా వేస్తే డ్యామేజ్ పూర్తిగా వస్తుంది. ఇది నేను చెప్పలేదు, ట్రైనింగ్ మోడ్‌లో తనే కనిపెట్టింది.

అందరికంటే ఎక్కువ ఎగతాళి చేసినవాడు మాత్రం ఇప్పుడు "మోడర్న్ వాళ్లతో ఆడను" అంటున్నాడు. ఆడకు బాబూ.