అప్‌డేట్: ఒంగోలులో లక్షలోపు 2009 శాంత్రో

ఒంగోలులో లక్షలోపు వస్తోంది, 2009 హ్యుందాయ్ శాంత్రో కారు తీసుకోవచ్చా అని ఇంతకుముందు అడిగాను. వదిలేశాను.

ఇంజిన్ బాగానే ఉంది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాను. ముందే వేడి చేసి పెడితే పొగ సంగతి బయటపడదు. నీలం పొగ (ఆయిల్ కాలుతోందనే గుర్తు) లేదు, ఆయిల్ మూత లోపల తెల్లటి జిడ్డూ (ఆయిల్‌లో నీళ్లు కలిశాయనే గుర్తు) లేదు. ఇంజిన్‌లో వాల్వులను పిస్టన్లతో లయలో నడిపే టైమింగ్ బెల్ట్ మార్చిన బిల్లు మాత్రం లేదు. అది తెగితే వాల్వులు వంగుతాయి, కాబట్టి బెల్ట్, దాన్ని బిగుతుగా పట్టే టెన్షనర్ ఖర్చు ధరలో తగ్గించే మాట్లాడాలి.

అసలు దెబ్బ బాడీది. సముద్రపు గాలిలో నిలబడ్డ బండి. మ్యాట్ ఎత్తితే ఫ్లోర్ రేకు పొరలు లేస్తోంది, జాకీ పెట్టే అంచును తుప్పు తినేసింది. డోర్ల కింద అయస్కాంతం అంటుకోలేదంటే లోపల రేకు బదులు పుట్టీయే. ముందు సస్పెన్షన్ (చక్రాలను బాడీకి కలిపే భాగం) బిగించే చోట తుప్పు గానీ కొత్త వెల్డింగ్ గానీ కనిపిస్తే ఎంత తగ్గించినా వద్దు.

నెల్లూరు, కోవూరు బండ్లకు ఇంకోటి చూడాలి: 2021 నవంబరు పెన్నా వరదలో మునిగిందా అని. సీట్ బెల్ట్ చివరిదాకా లాగండి, స్టెప్నీ గుంటలో వేలు పెట్టండి. ఒండ్రు మట్టి అక్కడ మిగులుతుంది.

కాగితాల్లో, 15 ఏళ్లు దాటింది గనుక ఆర్‌సీ రెన్యువల్ అయి ఉండాలి. లోన్ తీరినా ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి బ్యాంకుకు తాకట్టులో ఉందనే నమోదు) ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆ తాకట్టు తీసేయించే ఫారం 35 చేతికొచ్చాకే అడ్వాన్స్ ఇవ్వండి. బండి పేరు మార్చే ఫారం 29, 30లో అమ్మేవారి వైపు సంతకాలు ఓనరువే కావాలి, బ్రోకరువి చెల్లవు.