చెరిపేయాల్సిన ఇసుకబొమ్మను దాచిపెట్టొచ్చా?

కుంచె:
అమెరికా నైరుతి ప్రాంతంలోని నవాహో అనే ఆదివాసీ ప్రజలు జబ్బు చేస్తే హతాలీని పిలుస్తారు. ఆ మాటకు పాడేవాడు అని అర్థం. ఆయన దేవతల కథ పాడుతుంటే, ఆ కథలోని బొమ్మల్ని ఇంటి నేల మీద రంగు ఇసుకతో వేస్తారు. రోగిని ఆ బొమ్మ మీదే కూర్చోబెడతారు. కొన్ని తంతులు తొమ్మిది రాత్రులు సాగుతాయి. పని అయ్యాక బొమ్మను చెరిపి, ఇసుకను బయట పారబోస్తారు. జబ్బు అందులోకి దిగిందని నమ్మకం.

నేనైతే వీటిని భద్రపరచాలనే అంటాను. ఒక ముసలి హతాలీ పోతే ఆయనతో ఎన్ని పాటలు పోతాయో! హోస్టీన్ క్లా స్వయంగా హతాలీ అయ్యుండి ఈ బొమ్మల్ని కంబళ్ళ మీద నేశారు. ఆయనా, మేరీ కాబట్ వీల్‌రైట్ అనే సంపన్న అమెరికన్ మహిళా కలిసి తలపెట్టిన మ్యూజియం 1937లో న్యూ మెక్సికోలోని శాంటా ఫేలో తెరుచుకుంది.

నల్లకలువ:
కుంచె గారూ, క్లా నేసినప్పుడు సొంత మనుషులే అపచారమని భయపడ్డారు. అది చెప్పకుండా ఎందుకు వదిలేశారు? చెరపడం కూడా ఆ వైద్యంలో భాగమే. సంతలో అమ్మే బొమ్మల్లో రంగో, ఆకారమో కావాలనే మారుస్తారు, అసలుది బయటికి పోకూడదని. మీరు చెప్పిన మ్యూజియమే 1977లో తంతుల్లో వాడే పవిత్రమైన మందు మూటల్ని నవాహోలకు తిరిగిచ్చి, తన పేరు కూడా మార్చుకుంది.

మా అమ్మ చివరి రోజుల్లో నాతో చెప్పుకున్న మాటల్ని ఎవరైనా రికార్డు చేసి క్లాసులో వినిపిస్తే నేను తట్టుకోలేను.

గోరింట:
ఇద్దరూ బొమ్మ దగ్గరే ఆగారు. కథల సంగతి? 1993లో ఆ ప్రాంతంలో ఆరోగ్యంగా ఉన్న యువకులు ఊపిరాడక చనిపోయారు. పిన్యాన్ అనే పైన్ చెట్ల గింజలు విరగకాసిన ఏడు ఎలుకలు పెరుగుతాయనీ, వాటిని ఇంట్లోకి రానిస్తే జబ్బనీ నవాహో పెద్దలు చెప్పారు. తేలింది హంటావైరస్, మోసుకొచ్చింది ఎలుకే. ఆ మాట బయటికి రావడం మంచిదే అయింది. కానీ పత్రికలు దానికి ‘నవాహో ఫ్లూ’ అని పేరు పెట్టాయి, జనం వాళ్ళని చూసి దూరం జరిగారు.

అందుకే కెనడాలోని ఫస్ట్ నేషన్స్ అనే ఆదివాసీ ప్రజలు 1998లో పెట్టుకున్న నియమం నాకు నచ్చుతుంది: మా గురించిన సమాచారం మాది, అదుపు మాది, చూసే హక్కు మాది, అది ఉండాల్సింది మా దగ్గరే. రోగి చెప్పిన కథకైనా, గీసిన బొమ్మకైనా ఇదే వర్తించాలి.

కుంచె:
క్లా ఒప్పుకున్నారు కదా, చాలనుకున్నాను. ఒక్కరి ఒప్పుదల అందరిదీ అవుతుందా అని ఆలోచించలేదు. అయినా పాటలు పోతాయన్న బెంగ తగ్గలేదు. నేర్చుకునే శిష్యుడికి మాత్రమే చూపించేలా వాళ్ళే దాచుకుంటే మీకు అభ్యంతరమా, నల్లకలువ గారూ?

నల్లకలువ:
వాళ్ళే దాచుకుంటే నాకేం అభ్యంతరం? కానీ ఫొటో చూసి నేర్చుకుంటే వచ్చే విద్య కాదండీ అది. గురువు పక్కన కూర్చుని, ఎన్నో రాత్రులు ఆ పాట వింటూ ఇసుక జారవిడవాలి.