ఈక్వడార్ చమురు డాక్యుమెంటరీ: ఆ కేసు చివరికి ఏమైంది?

రాజోలు కుర్రోడు:
నిన్న నాన్నతో కలిసి చూశానండి. అమెజాన్ అడవిలో టెక్సాకో అనే అమెరికా కంపెనీ చమురు తీసి, మడ్డి కలిసిన ఉప్పునీళ్ళని అడుగున ఏ పూతా లేని గుంటల్లోకి వదిలేసింది. మట్టి కదిపితే నల్ల జిడ్డే. నాన్న వెంటనే మా కోనసీమలోని పాశర్లపూడి సంగతి ఎత్తారు. 1995లో అక్కడి గ్యాస్ బావి అంటుకుని రెండు నెలలు దాటి మండింది. మావాళ్ళు ఆ వెలుతురులోనే పెరట్లో అంట్లు తోముకునేవారట. సరే, ఆ కేసులో డబ్బులొచ్చాయా?

లంక మాస్టారు:
రాలేదు బాబూ. 1993లో అక్కడి జనం న్యూయార్క్‌లో కేసు వేశారు. తర్వాత అది ఈక్వడార్‌కి మారింది. 2011లో ఈక్వడార్ కోర్టు, టెక్సాకోని కొన్న షెవ్రాన్‌ని వందల కోట్ల డాలర్లు కట్టమంది. 2014లో న్యూయార్క్ జడ్జి ఆ తీర్పు మోసంతో తెచ్చుకున్నదన్నాడు. మేం శుభ్రం చేసే వెళ్ళాం, తర్వాత నడిపింది అక్కడి సర్కారు కంపెనీయే అని షెవ్రాన్ వాదన.

కొబ్బరితోట:
లాయర్ల గొడవ అలా ఉంచండి, ఆ నీళ్ళు తాగినోళ్ళ మాటేంటి? మన కోనసీమలోనే నగరం అనే ఊళ్ళో 2014 జూన్‌లో గ్యాస్ పైపు పేలినప్పుడు చెట్లు మొవ్వతో సహా మాడిపోయాయి. కొబ్బరిచెట్టుకి మొవ్వ పోతే ఇంకేముందండీ!

రాజోలు కుర్రోడు:
థాంక్సండి మాస్టారూ. తెలుగు సబ్‌టైటిల్స్ ఎక్కడైనా ఉంటే చెప్పండి, ఆపి ఆపి నాన్నకి చెప్పలేక చచ్చాను.