12 x 8 అడుగుల పెరడు: ఎత్తు మడిని గోడకు ఆనించి కట్టొచ్చా?

ఇంటి వెనక 12 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు జాగా ఉంది. పొడవు వైపు ఆరడుగుల ప్రహరీ గోడ. ఎండ పొద్దున 7 నుంచి 10 దాకానే, అదీ గోడకు దూరంగా ఉన్న సగంలోనే. గోడ వెంట మూడడుగుల మేర రోజంతా నీడే.

మొదట అంతా గడ్డి పరిచాను. రెండు నెలల్లో నీడవైపు గడ్డి పసుపుబారి, వేలితో లాగితే పొరలా లేచొచ్చింది, కింద నాచు. తర్వాత గోడ వెంట కుండీలు వరుసగా పెట్టాను. ఫెర్న్, మనీప్లాంట్ కళకళలాడుతున్నాయి. గులాబీ ఒక్క మొగ్గ వేయలేదు, కాడలు వెలుతురు వైపు వంగి సాగాయి. అసలు బాధ నీళ్లతో. వాన పడితే ఆ పక్కన మర్నాడు సాయంత్రం దాకా నిలుస్తాయి. అడుగు లోతు గుంత తీసి నింపి చూశాను, నాలుగు గంటల్లో రెండంగుళాలే ఇంకాయి. బంకమట్టి. ఇసుక కలిపితే ఎండాక ఇంకా గట్టిపడింది.

ఇప్పుడు గోడ వెంట అడుగున్నర ఎత్తు ఇటుక మడి కట్టి నీడ మొక్కలు వేసి, ఎండ పడే సగాన్ని పూలమొక్కలకు, మధ్యలో కాస్త నడవడానికి ఉంచాలని ఉంది. గోడకు చెమ్మ ఎక్కుతుందనే భయం. మడిని గోడకు ఆనించి కట్టొచ్చా, లేక ఎడం వదలాలా, వదిలితే ఎంత?